గుండ్లకమ్మ గట్టున రాతిపని: ఎవరు చేశారు, ఎక్కడ నేర్చారు?

2022లో ప్రకాశం జిల్లా హనుమంతునిపాడు పేరు అంతర్జాతీయ పురావస్తు పరిశోధకుల నోట పడింది. కనిగిరికి చేరువలోని ఈ మెట్ట ప్రాంతంలో తవ్వి తీసిన రాతి పనిముట్లు సుమారు 2,47,000 ఏళ్ల నాటివని వడోదర మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి చెందిన దేవర అనిల్, పి. అజితప్రసాద్, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన నవీన్ చౌహాన్, వారి సహచరులు ప్రకటించారు. ఆధునిక మానవుడు ఇక్కడికి మనం అనుకున్నదానికంటే చాలా ముందే వచ్చాడా, లేక వేరువేరు చోట్ల ఉన్న మనుషులు ఎవరికి వారుగా ఒకే పనితనానికి చేరుకున్నారా అని వారు తమ వ్యాసం శీర్షికలోనే అడిగారు. రెండేళ్లు గడిచాక 2024లో గుండ్లకమ్మ ఎగువ పరీవాహకంలోని రెట్లపల్లె నుంచి అదే కోవకు చెందిన పనిముట్లకు సుమారు 1,39,000 ఏళ్ల వయసు తేలింది. పత్తి, మిరప, పొగాకు పండే నేలలు ఇప్పుడు మానవజాతి పుట్టుపూర్వోత్తరాల చర్చలో సాక్ష్యం చెబుతున్నాయి.

ఆ సాక్ష్యం ఎంత గట్టిది, అది ఏం చెబుతోంది, ఏం చెప్పలేకపోతోంది అన్నది ఓపిగ్గా చూడాల్సిన సంగతి. ఎందుకంటే దేశంలోకి మనిషి రాకను గురించి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయిన కథకు ఈ రెండు ఊళ్ల తేదీలు ఇమడవు.

ముందు నేల సంగతి. గుంటూరు, ప్రకాశం మైదానం అంతటా రాతి పనిముట్లు ఒకే తీరున దొరకవు. తెనాలి, రేపల్లె వైపు కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు మందంగా పరుచుకుని ఉంది. డెల్టా పైపొరలు ఈ చివరి కొన్ని వేల ఏళ్లలో ఏర్పడినవి కనుక లక్షల ఏళ్ల నాటి నేల ఉన్నా అది ఎక్కడో లోతున ఉంటుంది. పడమరకు వెళ్లేకొద్దీ, అంటే పల్నాడు, మార్కాపురం, కంభం, గిద్దలూరు, కనిగిరి వైపు, పాత నేల పైకి తేలుతుంది. నల్లమల కొండల్లోని క్వార్ట్‌జైట్ రాయి విరిగి, వాగుల్లో దొర్లి, గుండ్రటి రాళ్లుగా మారి గుండ్లకమ్మ, దాని ఉపనదుల గట్ల మీద పరుచుకుంది. ఆనాటి మనిషికి అది సిద్ధంగా ఉన్న ముడిసరుకు. గట్టిగా ఉండి, కొడితే పదునైన అంచుతో పగిలే రాయి, దాని పక్కనే నీరు, నీటి కోసం వచ్చే జంతువులు. మనుషులు పదేపదే ఆ గట్లకు తిరిగి రావడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ఈ రాళ్లను మనిషి చేతి పనిగా గుర్తించే చదువు మన దేశంలో 1863లో మొదలైంది. ఆ ఏడాది మే 30న జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు పక్కన పల్లావరంలో ఒక చేతిగొడ్డలిని గుర్తుపట్టాడు. కొన్ని నెలలకే విలియం కింగ్‌తో కలిసి తమిళనాటనే ఉన్న అత్తిరంపాక్కం స్థలాన్ని వెలుగులోకి తెచ్చాడు. ఈ ఫుట్ మన ప్రాంతానికి కొత్తవాడేం కాదు. తూర్పు తీరంలో 15 డిగ్రీల అక్షాంశం నుంచి మచిలీపట్నం దాకా నేల నిర్మాణాన్ని సర్వే చేసి 1879లో నివేదిక వెలువరించాడు. ఒంగోలు సీమ ఆ నివేదిక పరిధిలోనిదే. జీవితమంతా ఏరి కూర్చిన రాతి పనిముట్లను ఆయన 1904లో మద్రాసు మ్యూజియానికి అమ్మాడు.

ఆ తరవాతి పెద్ద అడుగు కచ్చితంగా ఈ నేల మీదనే పడింది. ఎల్. ఎ. కామియాడ్ నంది కనుమ, గిద్దలూరు పరిసరాల్లో ఏళ్ల తరబడి పనిముట్లు సేకరించాడు. 1930లో ఆయన, కేంబ్రిడ్జికి చెందిన మైల్స్ బర్కిట్ కలిసి ‘యాంటిక్విటీ’ పత్రికలో ఆగ్నేయ భారత రాతియుగాల మీద ఒక వ్యాసం రాశారు. ఏ రాయి ఏ పొరలో ఉందో చూసి పనిముట్లను నాలుగు వరసలుగా విడదీశారు. అడుగున చేతిగొడ్డళ్లు, ఆపైన పెచ్చులతో చేసిన పనిముట్లు, ఆపైన సన్నటి బాకుల్లాంటి పలకలు, అన్నింటికీ పైన గోరంత చిన్న రాతిముక్కలు. ఒక్కో వరసనూ తడి, పొడి వాతావరణాల మార్పుతో ముడిపెట్టారు. వాతావరణ లెక్కలు తరవాత సవరణకు గురయ్యాయి గాని వరస క్రమం మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. భారతదేశపు రాతియుగాన్ని పొరల ఆధారంగా చదవడం నల్లమల అంచున ఇలా బలపడిందన్న విషయం తెలుగువారికి తెలియాల్సినంతగా తెలియదు. అప్పట్లో గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరింది. పాత పుస్తకాల్లో ఈ స్థలాల కోసం ప్రకాశం పేరు కింద వెతికితే కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

నాగార్జునకొండ కథ వేరు. 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాలు జలాశయం నిండకముందే వీలైనంత కాపాడాలన్న ఆత్రంతో జరిగినవి. ఆ లోయను బౌద్ధ శిల్పాల కోసం, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కోసం అందరూ తలుచుకుంటారు. ఆ శిల్పాల కంటే ఎంతో కిందటి కాలపు చేతిగొడ్డళ్లు, పెచ్చు పనిముట్లు కూడా అక్కడ దొరికాయి. కె. వి. సౌందరరాజన్ వాటిని పరిశీలించి 1958లో ‘ఏన్షియెంట్ ఇండియా’లో ప్రచురించిన అధ్యయనం, పల్నాడు వైపు కృష్ణ గట్టున పాతరాతియుగం నుంచి కొత్తరాతియుగం దాకా మనుషుల జాడ ఉందని చూపింది. ఆ లోయ ఇప్పుడు నీటి అడుగున ఉంది. అక్కడికి మళ్లీ వెళ్లి ఇవాళ్టి పద్ధతులతో ఆ పొరల వయసు తేల్చే వీలు లేదు. గుండ్లకమ్మ పరీవాహకం ఇవాళ ఇంత విలువైనది కావడానికి ఈ నష్టం కూడా కారణమే.

ఇక అసలు పనితనానికి వద్దాం. చేతిగొడ్డలి అంటే ఒక పెద్ద రాయిని లేదా పెద్ద పెచ్చును తీసుకుని, రెండు ముఖాల మీదా చెక్కుతూ, బాదంకాయ ఆకారానికి తేవడం. చివరికి చేతిలో మిగిలే రాయే పనిముట్టు. రాలిన పెచ్చులు చాలావరకు చెత్త. మధ్య పాతరాతియుగంలో ఈ లెక్క తిరగబడింది. ఇప్పుడు కావలసింది పెచ్చు. అసలు రాయిని పెచ్చు తీయడానికి అనువుగా తయారు చేస్తారు. చుట్టూ అంచు చెక్కి, పైభాగాన్ని తాబేటి డిప్పలా కొద్దిగా ఉబ్బెత్తుగా మలిచి, దెబ్బ వేయాల్సిన చోటును సరిదిద్ది, అప్పుడు ఒకే ఒక్క దెబ్బతో ముందే అనుకున్న ఆకారంలో పెచ్చును లేపుతారు. పారిస్ శివారులోని లెవలువా అనే చోట మొదట గుర్తించారు కాబట్టి దీన్ని లెవలువా పద్ధతి అంటారు.

పైకి చిన్న మార్పులా కనిపిస్తుంది గాని ఇందులో ఉన్న ఆలోచన చిన్నది కాదు. పది, ఇరవై దెబ్బల తరవాత రాబోయే పెచ్చు ఆకారం మొదటి దెబ్బకు ముందే మనసులో ఉండాలి. మధ్యలో ఒక దెబ్బ గతి తప్పితే రాయి మొత్తం పాడవుతుంది. చూసి, చేసి, తప్పు చేసి, పక్కవారు సరిదిద్దితే తప్ప పట్టుబడని పని ఇది. పెచ్చును కట్టెకు బిగించి బల్లెంగా వాడే వీలు కూడా దీనితోనే పెరిగింది. మన దేశంలో ఈ దశను హెచ్. డి. సంకాలియా మహారాష్ట్రలోని నేవాసాలో 1950లలో స్పష్టంగా గుర్తించాక దానికి ప్రత్యేకమైన గుర్తింపు వచ్చింది.

ఈ పనితనం భారతదేశంలోకి ఎలా వచ్చిందన్నదే వివాదం. మూడు వాదాలు ఉన్నాయి.

ఒకటి పాల్ మెల్లర్స్, ఆయన సహచరులు 2013లో గట్టిగా వినిపించింది. ఆధునిక మానవులు ఆఫ్రికా నుంచి సుమారు 60,000 నుంచి 50,000 ఏళ్ల కిందట వచ్చారని, తమ వెంట సూక్ష్మ శిలాపరికరాల పనితనాన్ని తెచ్చారని, అంతకుముందు ఇక్కడ మధ్య పాతరాతియుగపు పనిముట్లు చేసినవారు వేరే పాత జాతి మనుషులని వారి వాదం. దీనికి ఎదురుగా మైకేల్ పెట్రాలియా బృందం కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురాన్ని నిలబెట్టింది. సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ల కిందట బద్దలైనప్పుడు ఎగసిన బూడిద జుర్రేరు లోయలో పేరుకుపోయింది. గిన్నెలు తోమే పొడి తయారీకి ఆ బూడిదను తవ్వుకుపోతున్న గోతుల్లోనే, బూడిద పొర కిందా పైనా ఒకే తరహా మధ్య పాతరాతియుగపు పనిముట్లు దొరికాయని 2007లో ‘సైన్స్’ పత్రికలో వారు రాశారు. అవి ఆఫ్రికాలోని అదే దశ పనిముట్లను పోలి ఉన్నాయి కనుక, ఆధునిక మానవులు టోబాకు ముందే ఇక్కడికి వచ్చి ఉండాలని వారి అభిప్రాయం. అదే జ్వాలాపురంలో ఒక రాతి ఆశ్రయంలో సూక్ష్మ పరికరాలు 35,000 ఏళ్ల కిందటి నుంచి కనిపిస్తున్నాయి. అంటే అవి విమానం దిగినట్టు ఒక్కసారిగా బయటినుంచి వచ్చినవి కావని, ఇక్కడి పనితనంలోంచే ఎదిగి ఉండవచ్చని కూడా ఆ బృందం చెప్పింది. గుండ్లకమ్మ లోయలోనూ టోబా బూడిద నిల్వలు, వాటితో ముడిపడిన పాతరాతియుగపు పనిముట్లు ఉన్నాయని అనిల్ బృందం ప్రచురించింది.

ఈ పనితనం ఇక్కడే విడిగా ఎదిగిందనే మూడో వాదానికి బలం 2018లో వచ్చింది. శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ బృందం అత్తిరంపాక్కంలో మధ్య పాతరాతియుగం సుమారు 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని ‘నేచర్’లో ప్రకటించింది. అదే స్థలంలో చేతిగొడ్డళ్ల వయసు 15 లక్షల ఏళ్లని ఇదే బృందం 2011లో తేల్చింది. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన, ఆధునిక మానవుడి తొలి రూపంగా చెప్పే ఎముకల వయసు సుమారు 3,00,000 ఏళ్లు. మన జాతి అక్కడ రూపు దిద్దుకుంటున్న కాలానికే తమిళనాట కొత్త పనితనం మొదలైందంటే దాన్ని ఆఫ్రికా నుంచి దిగుమతి అని చెప్పడం కష్టం.

ఇన్నాళ్లూ అత్తిరంపాక్కం ఒంటరి సాక్షి. తేదీల్లో పొరపాటు ఉండొచ్చు, అది ఒక్కచోట కనిపించిన వింత కావచ్చు అనే అనుమానానికి తావుండేది. హనుమంతునిపాడు 2,47,000, రెట్లపల్లె 1,39,000 అనే అంకెలు ఆ ఒంటరితనాన్ని పోగొట్టాయి. ప్రకాశం సీమ చేసిన అసలు మేలు ఇదే. కొత్త పనితనం ఈ తూర్పు కోస్తా వెనుక భూముల్లో లక్షల ఏళ్ల పాటు ఉంటూ వచ్చిందనడానికి ఇప్పుడు వేరువేరు కాలాల్లో వేరువేరు స్థలాలు ఉన్నాయి.

తేదీల మాట ఎత్తినప్పుడు అవి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. రాతి పనిముట్టుకు నేరుగా వయసు కట్టడం సాధ్యం కాదు, దాన్ని కప్పిన ఇసుకకు కడతారు. ఇసుకరేణువు ఎండలో ఉన్నంతసేపూ దానిలో నిల్వ ఉన్న శక్తి ఖాళీ అయిపోతుంది. మట్టి కింద పూడుకుపోయాక చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల ఆ శక్తి మళ్లీ కొద్దికొద్దిగా పేరుకుంటుంది. అందుకే తవ్విన గోతి గోడలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుతురు సోకకుండా నమూనా తీసి, చీకటిగదిలో ఆ శక్తిని వెలుగుగా బయటికి రప్పించి కొలుస్తారు. ఎంత వెలుగు వస్తే అంత కాలం పూడి ఉన్నట్టు. సామాన్యంగా వాడే క్వార్ట్జ్ రేణువులు లక్ష ఏళ్లు దాటితే చాలాచోట్ల నిండిపోయి పనికిరావు. అంతకంటే పాత పొరలకు ఫెల్డ్‌స్పార్ రేణువులను పరారుణ కాంతితో పరీక్షించే పద్ధతి వాడతారు. ఇందులో వేల ఏళ్ల హెచ్చుతగ్గులు సహజం. రెట్లపల్లె అంకెకు అటూ ఇటూ పదిహేడు వేల ఏళ్ల దాకా తేడా ఉండవచ్చని పరిశోధకులే రాశారు. ఆ తేడా ఎటు పడినా వాదన మారదు. 60,000 ఏళ్లకు దాన్ని దించడం కుదరదు.

మన నేలలో మరో చిక్కు ఉంది. పత్తి రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, వేసవికి ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. కొన్ని నెర్రెల్లో మనిషి చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. పైనున్న చిన్న రాతిముక్కలు ఆ నెర్రెల్లోంచి కిందికి జారిపోతాయి. మట్టి ఉబ్బినప్పుడు అడుగున ఉన్న పెద్ద రాళ్లు ఏళ్ల తరబడి పైకి తోసుకొస్తాయి. అందువల్ల రేగడి చేలో గట్టున పోగేసిన రాళ్లలో ఒక చేతిగొడ్డలి, ఒక లెవలువా పెచ్చు పక్కపక్కనే దొరికితే అవి ఒకే కాలానివని అనుకోకూడదు. నదీ గట్ల గరుసు, ఇసుక పొరల్లో కదలకుండా ఉన్న వాటిని వెతికి, అక్కడ గోతులు తవ్వి, పొరపొరకూ నమూనా తీస్తేనే వయసు నమ్మదగినది అవుతుంది. చేలో ఏరిన రాళ్లతో చరిత్ర రాసేసే ఉత్సాహం చాలామందికి ఉంది. అది ఈ విషయానికి మేలు చేయదు.

మరి వీటిని చేసినదెవరు? ఆ కాలపు మనిషి ఎముక ఆంధ్రదేశంలో ఇంతవరకూ దొరకలేదు. దేశం మొత్తానికీ చెప్పుకోదగిన పాత శిలాజం నర్మద ఒడ్డున హత్నోరాలో 1982లో అరుణ్ సోనాకియాకు దొరికిన పుర్రె భాగమే. అది ఏ జాతిదన్నదాని మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఎముక లేనప్పుడు రాయినే గుర్తింపు కార్డుగా చూపడం పరిశోధనలో పాతుకుపోయిన అలవాటు. ఆధునిక మానవుడు అంటే ఈ రాయి, పాత జాతి అంటే ఆ రాయి అని. ఆ అలవాటు తప్పని చెప్పడానికి పశ్చిమాసియా గుహలే చాలు. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో ఆధునిక మానవుల ఎముకలు, కెబారా గుహలో నియాండర్తల్ ఎముకలు దొరికాయి. రెండుచోట్లా వాడింది లెవలువా పనితనమే. ఆర్మేనియాలోని నోర్ గెఘిలో చేతిగొడ్డళ్లు, లెవలువా పనితనం మూడు లక్షల ఏళ్లకు పైబడిన కాలంలో పక్కపక్కనే కనిపించాయి. పాత పనితనంలోంచే కొత్తది అక్కడికక్కడే పుట్టిందని అక్కడి పరిశోధకుల నిర్ణయం. రాయి పగిలే తీరు ప్రపంచమంతటా ఒకటే. రెండు ముఖాల మీద చెక్కడంలో లక్షల ఏళ్లు ఆరితేరిన చేతులకు, ముందుగా సిద్ధం చేసిన రాయి నుంచి పెచ్చు లేపడం అందనంత దూరపు సంగతి కాదు.

మన దేశంలో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంది. అత్తిరంపాక్కంలో కొత్త పనితనం మొదలై రెండు లక్షల ఏళ్లు గడిచాక కూడా మధ్యప్రదేశ్ సోన్ లోయలో చేతిగొడ్డళ్లు చేస్తూనే ఉన్నారు. అక్కడి చివరి చేతిగొడ్డళ్ల వయసు 1,40,000 నుంచి 1,20,000 ఏళ్లు, అంటే దాదాపు రెట్లపల్లె కాలమే. ఒకే దేశంలో, ఒకే కాలంలో ఒక లోయవారు పాత పద్ధతి, మరో లోయవారు కొత్త పద్ధతి పాటిస్తున్నారు. ఒక్క వలసతో, ఒక్క కెరటంతో దేశమంతా మారిపోయిందనే బొమ్మ ఈ అంకెలతో చెదిరిపోతుంది. అందుకే హనుమంతునిపాడు శీర్షికలోని రెండు ప్రశ్నల్లో రెండోదే, అంటే ఎవరికి వారుగా చేరుకోవడమే, ఎక్కువ బలంగా కనిపిస్తోంది. 2,47,000 ఏళ్ల కిందట ఇక్కడ రాయి చెక్కినవారు బహుశా మన జాతి కంటే పాతవారు. రెట్లపల్లె విషయంలో అంత నిబ్బరంగా చెప్పడం కష్టం. ఇజ్రాయెల్‌లోని మిస్లియా గుహలో దొరికిన ఆధునిక మానవుడి దవడ వయసు లక్షా ఎనభై వేల ఏళ్ల ప్రాంతం. అప్పటికే కొందరు ఆఫ్రికా దాటారు కనుక 1,39,000 నాటికి గుండ్లకమ్మ దాకా వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

ఆనాటి మనుషులు తిరిగిన నేల ఎలా ఉండేదో కూడా మెల్లగా తెలుస్తోంది. అనిల్ బృందానికి 2023లో ప్రకాశం జిల్లాలోనే సుమారు 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు దొరికింది. మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు ఉన్న చోటులో దాదాపు 3,500 గుడ్డు పెంకుల ముక్కలున్నాయి. తొమ్మిది నుంచి పదకొండు గుడ్లు ఒకచోట ఉన్నట్టు లెక్క. నిప్పుకోడి దట్టమైన అడవిలో బతికే పక్షి కాదు. విశాలమైన గడ్డిభూములు, అక్కడక్కడా పొదలు, వేసవిలోనూ ఎండని నీటి మడుగులు అప్పటి దృశ్యం అయి ఉండాలి. ఆ గడ్డిభూముల్లో మేసే పెద్ద జంతువుల వెనకే మనిషీ తిరిగి ఉంటాడు.

ఎముక దొరికే ఆశ ఎక్కడైనా ఉందంటే అది సున్నపురాయిలోనే. నదీ గట్ల గరుసులో ఎముక నిలవదు, సున్నపురాతి గుహల్లో నిలుస్తుంది. ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1880లలో బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో తవ్వినప్పుడు అంతరించిన జంతువుల ఎముకలు విస్తారంగా బయటపడ్డాయి. అదే తరహా సున్నపురాయి పల్నాడు అంతటా ఉంది. పిడుగురాళ్ల, మాచర్ల వైపు సున్నపు బట్టీలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు తవ్వుతున్నదీ అదే. గుండ్లకమ్మ పక్కన గరుసు కోసం దిబ్బలు తవ్వేస్తున్నారు, చేలు చదును చేస్తున్నారు. గుడికో కోటకో ఉన్నపాటి రక్షణ రాతి పనిముట్లున్న గట్టుకు లేదు, ఎందుకంటే అక్కడ చూపించడానికి గోడ లేదు, శాసనం లేదు. క్వారీకి అనుమతి ఇచ్చే ముందు ఆ గట్టును ఒక పురావస్తు విద్యార్థి నడిచి చూసే ఏర్పాటు ఉండాలి. పొర అడ్డంగా తెగి కనిపించేచోట ఇసుక నమూనా తీసి పెట్టాలి. గుంటూరు, ఒంగోలు విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఒక్కో మండలాన్ని పంచుకుని సర్వే చేస్తే, హనుమంతునిపాడుకూ రెట్లపల్లెకూ మధ్య ఉన్న లక్ష ఏళ్ల ఖాళీలో ఏం జరిగిందో చెప్పే మూడో స్థలం, నాలుగో స్థలం క్వారీ లారీల కంటే ముందే వారి కంట పడవచ్చు.